ఆడవాళ్ళకి రాదన్న జబ్బు

మొన్న ఒక చిన్న డాక్టరమ్మాయి ఫోన్ చేసింది. మత్తు డాక్టరుగా కొత్తగా పని మొదలుపెట్టింది. ఆపరేషన్ గది దాకా వచ్చిన కేసుని వద్దని ఆపేస్తే సర్జన్లకి కోపం వస్తుందా మేడమ్ అని అడిగింది. వస్తుందమ్మా, బాగా వస్తుంది, కొన్నాళ్ళు నిన్ను పిలవడం కూడా మానేస్తారు అని చెప్పాను. మీరెప్పుడైనా ఆపారా అంది. చాలాసార్లు ఆపాను. వాటిలో ఒకటి మాత్రం ఇప్పటికీ గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది. ఫోన్లో ఆ అమ్మాయికి సగమే చెప్పగలిగాను, నా గొంతు పెరిగిపోతోందని నాకే తెలిసి ఆపేశాను. మొత్తం ఇక్కడ రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు చదివితే చాలు.

నా ఉద్యోగానికి పదవీ విరమణ తేదీ అంటూ ఏమీ లేదు. మోకాళ్ళు మొరాయించాక మానేశాను, అంతే. ఉన్నన్నాళ్ళూ ఇల్లు నందిగామలో, పని నందిగామ, జగ్గయ్యపేట నర్సింగ్ హోముల్లో. మత్తు డాక్టర్ని జీతమిచ్చి పెట్టుకునేంత పెద్దవి కావవి. ఆపరేషన్ ఉన్నరోజు ఫోన్ చేస్తారు. వెళ్ళి మత్తిచ్చి, పేషెంటు కళ్ళు తెరిచి పేరు చెప్పేదాకా ఉండి వచ్చేయడమే. సిమెంటు లారీల వెనకాల హైవే మీద నా కారు తిరిగినంత ఇంకెక్కడా తిరగలేదు. మత్తులోంచి లేచిన మనిషికి కడుపు కోసిన డాక్టరు గుర్తుంటుంది, మేము గుర్తుండం. దానికి నాకెప్పుడూ బాధ లేదు. కానీ పేషెంటుతో తీరిగ్గా నాలుగు మాటలు మాట్లాడాల్సింది కూడా మేమే. ఆపరేషన్‌కి ముందు మాకు ఆ కాసేపే ఉంటుంది. ఆ కాసేపూ వదులుకోకండి.

కరోనా తగ్గి, వాయిదా పడ్డ ఆపరేషన్లన్నీ మళ్ళీ మొదలైన రోజులవి. జగ్గయ్యపేటలో ఒక నర్సింగ్ హోము నుంచి ఫోన్ వచ్చింది. దాన్ని నడిపేది ఒక ఆడవాళ్ళ డాక్టరు. నాకంటే చాలా చిన్నది, చురుకైనది, చెయ్యి మంచిది. పొద్దుటినుంచీ సాయంత్రం దాకా వందమందిని చూసినా విసుక్కోని మనిషి. ఆ రోజు గర్భసంచి తీసే ఆపరేషన్ ఉందంది. పేషెంటుకి ఇరవయ్యేడేళ్ళు.

ఇరవయ్యేడేళ్ళకి గర్భసంచి తీసేయడమేమిటని మీలో ఎవరైనా ఉలిక్కిపడితే సంతోషం. మా వైపు అప్పటికే ఎవరూ ఉలిక్కిపడటం లేదు. నడుము నొప్పి అంటే తీసేశారు, తెల్లబట్ట అంటే తీసేశారు, క్యాన్సర్ వస్తుందేమోనని భయపెట్టి తీసేశారు. పిల్లలు పుట్టేశారుగా, ఇంకా అదెందుకు అన్నారు. పన్ను పీకించుకున్నంత తేలిగ్గా మాట్లాడేవాళ్ళు.

నేను వెళ్ళేసరికి ఆ అమ్మాయి ఆకుపచ్చ గౌను వేసుకుని బల్ల అంచున కూర్చుని ఉంది. మనిషి సున్నం కొట్టినట్టు పాలిపోయి ఉంది. రక్తం తీయడానికి నర్సు రబ్బరు కట్టిన చోట చెయ్యి ఊదారంగు పట్టీలా కమిలింది. జబ్బల మీద, మోకాళ్ళ కింద పాతవీ కొత్తవీ నీలం మచ్చలు. ఇలాంటివి చూస్తే మేము అడగాల్సిన మాట ఒకటుంది. నర్సుని బయటికి పంపి అడిగాను.

"మీ ఆయన చెయ్యి చేసుకుంటాడా అమ్మా?"

ఆ అమ్మాయి నవ్వింది. "లేదండి పాపం. ఊరికే వస్తయ్యండి ఇవి. బస్సులో ఎవరి మోచెయ్యి తగిలినా వస్తయ్యి. చిన్నప్పటినుంచీ అంతే."

"చిన్నప్పుడు ముక్కులోంచి రక్తం కారేదా?"

"ఎండాకాలం వస్తే రోజూనండి. బళ్ళో నన్ను కిటికీ దగ్గర కూర్చోనిచ్చేవాళ్ళు కాదు."

"పన్ను ఎప్పుడైనా తీయించుకున్నావా?"

"పెళ్ళికి ముందు ఒకటి తీశారండి. వారం దాకా దిండు తడుస్తానే ఉంది."

"కాన్పులప్పుడు?"

"రెండోదానికి నెల దాటినా ఆగలేదండి. రక్తం ఎక్కించారు."

"నెలసరి ఎన్ని రోజులు అవుతుంది?"

కాస్త ఆలోచించి, "ఆగిన రోజులు చెప్పమంటారా అండి, అవి తక్కువ" అంది.

ఒక బట్టల కొట్లో చీరలు చూపించే పని ఆమెది. పొద్దున్నించీ నిలబడే ఉండాలి, కూర్చోవడానికి కుర్చీ వేయరు. నల్లవీ మెరూన్ రంగువీ తప్ప ఇంకో రంగు చుడీదార్ వేసుకుని ఎన్నేళ్ళయిందో గుర్తులేదంది. ఒకసారి కౌంటరు దగ్గరే కళ్ళు తిరిగి పడిపోతే, ఒంట్లో బాగా లేనివాళ్ళు ఇంట్లో ఉండొచ్చుగా అన్నాడట యజమాని. ఇదంతా ఫిర్యాదులా చెప్పలేదు. అడిగాను కాబట్టి చెప్పింది.

"మరి ఇవన్నీ డాక్టర్లకి చెప్పావా?"

"రక్తం ఎక్కువ పోతంది అని చెప్పానండి. ఆడవాళ్ళకి మామూలే అన్నారు. ముక్కు సంగతీ పన్ను సంగతీ ఎవరూ అడగలా."

ఆమె ఫైలు తీసి చూశాను. రక్తం ఎంతసేపట్లో ఆగుతోందో, ఎంతసేపట్లో గడ్డకడుతోందో ఆపరేషన్‌కి ముందు చూసే పరీక్షలు రెండున్నాయి. రెండూ మామూలుగా ఉన్నాయని రాసి ఉంది. ముందురోజు నేను మత్తిచ్చిన ఇంకో పేషెంటుకి కూడా అవే అంకెలు. అంతకుముందు వారం ఇంకొకామెకీ అవే. మా వైపు ల్యాబుల్లో ఆ రెండు అంకెలు ఎవరూ పరీక్ష చేసి రాయరు, అలవాటు మీద రాస్తారు. ఇది అందరికీ తెలుసు, ఎవరూ అనరు.

సూది తెప్పించి ఆ అమ్మాయి చెవి తమ్మెకి చిన్న గాటు పెట్టాను. ఫిల్టర్ పేపరుతో ఆగి ఆగి అద్దుతూ కూర్చున్నాను. మామూలు మనిషికైతే పేపరు మీద చుక్కలు చిన్నవవుతూ పోయి కాసేపటికి మాయమవుతాయి. ఇక్కడ మొదటి చుక్క ఎంతుందో పదో చుక్కా అంతే ఉంది. పేపరు నిండితే తిప్పాను. రెండో వైపూ నిండింది. ఈలోపు ఆపరేషన్‌కి సిద్ధమై వచ్చిన డాక్టరు నా పక్కనే నిలబడి చూస్తోంది.

చివరికి చెవికి గట్టిగా దూది అదిమి పట్టుకోమని నర్సుకి చెప్పి, డాక్టర్ని పక్క గదిలోకి తీసుకెళ్ళాను.

"నేను మత్తివ్వను" అన్నాను.

"మేడమ్, ఇంకేం చెయ్యమంటారు నన్ను? మూడేళ్ళుగా నా దగ్గరే తిరుగుతోంది. మాత్రలిచ్చా, ఇంజెక్షన్లిచ్చా, క్లీనింగ్ చేసా. తీసెయ్యండి తల్లీ అని వాళ్ళే కాళ్ళావేళ్ళా పడుతున్నారు. ప్లాస్మా తెప్పించి పెట్టుకుందాం. ఒక్కసారి తీసేస్తే ఇంక బ్లీడింగే ఉండదు కదా."

"లోపం గర్భసంచిలో లేదమ్మా, రక్తంలో ఉంది. నువ్వు ఎక్కడ కోసినా అక్కడ ఇదే అవుతుంది. అప్పుడేం తీసేస్తావు?"

ఆమె మొహం ఎర్రబడింది. తెలియక కాదు, చదువుకున్నదే. కానీ బయట బెంచీ మీద వాళ్ళ బంధువులు కూర్చుని ఉన్నారు, టేబుల్ సిద్ధంగా ఉంది, తర్వాత ఇంకో రెండు కేసులున్నాయి.

"సరే మేడమ్. మీరివ్వకపోతే వేరే ఆయన్ని పిలుచుకుంటా."

"పిలుచుకో. నేనెందుకివ్వలేదో కేసు షీటు మీద రాసి సంతకం పెట్టి వెళ్తా. వచ్చేవాళ్ళు చదువుకుని మత్తివ్వమను."

రాసి బయటికి వచ్చేసరికి, నర్సు ద్వారా విషయం తెలిసి భర్త ఎదురొచ్చాడు. లారీ డ్రైవరు. దీనికోసం లోడు వదిలేసి వచ్చాడు. "ఆడిస్తన్నారా అండి మమ్మల్ని? నిన్నటిదాకా ఇదొక్కటే దారన్నారు. ఇయ్యాల ప్రాణానికి ప్రమాదం అంటన్నారు. మేమెవర్ని నమ్మాల?" అన్నాడు. అతని కోపంలో నాకు ఒక్క తప్పు కూడా కనిపించలేదు.

అత్తగారు పెద్దావిడ, బురఖాలో ఉంది. కొడుకుని పక్కకి జరిపి నా ముందుకి వచ్చింది. "డాక్టరమ్మా, మా వీధిలో అందరికీ తీసేశారు. నాకూ తీశారు, ముప్పయ్యేళ్ళు కూడా లేవు అప్పటికి. మాకెవరికీ ఇట్టా చెవి గుచ్చి చూళ్ళేదు. ఒక్క మాట చెప్పండి నాకు. నా కోడలు లోపలికి పోతే బయటికి వచ్చిద్దా, రాదా?"

"రాకపోవచ్చమ్మా."

ఆవిడ ఇంక ఆగలేదు. లోపలికి వెళ్ళి కోడలి గౌను విప్పించి, చుడీదార్ వేయించి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిపోయింది.

ఆ నర్సింగ్ హోము నుంచి ఆ తర్వాత చాలాకాలం నాకు ఫోన్ రాలేదు.

ఇక్కడ జబ్బు గురించి నాలుగు మాటలు చెప్పాలి. హీమోఫీలియా పేరు మీరు వినే ఉంటారు, దెబ్బ తగిలితే రక్తం ఆగని జబ్బు. అది ఎక్కువగా మగపిల్లల్లో బయటపడుతుంది. ఆ అమ్మాయికి ఉందని నేను అనుమానించింది దానికి చుట్టం లాంటి ఇంకో జబ్బు. నోరు తిరగని విదేశీ పేరు. రక్తకణాలు గాయానికి అంటుకోవాలంటే రక్తంలో ఉండాల్సిన పదార్థం ఒకటి తక్కువవుతుంది. ఇది ఆడా మగా చూడదు. నిజానికి బాధ ఎక్కువ పడేది ఆడవాళ్ళే, నెలనెలా రక్తం పోయేది వాళ్ళకే కాబట్టి. దీనికి మందుంది. తేలిక రోజులకి మాత్రలు, ప్రమాదం వచ్చిన రోజుకి ఆ పదార్థాన్నే నరంలోకి ఎక్కించే మందు, ఫ్యాక్టరు అంటారు. మన దేశంలో లేనిదీ కాదు, కొత్తదీ కాదు.

ఆ వారంలోనే అత్తగారు కోడల్ని నా దగ్గరికి తీసుకొస్తే, మాత్రలు సరైన మోతాదులో నేనే రాసిచ్చాను. రెండు నెలలు ఆ అమ్మాయి మనిషిలా తిరిగింది. కానీ జబ్బుకి పేరు పెట్టాలి. పరీక్షలో పేరు తేలితే ఆసుపత్రిలో కార్డు ఇస్తారు, ఆ కార్డు లేకపోతే ఫ్యాక్టరు ఇవ్వరు. ఆ పేరు కోసం ఆమెని తిప్పిన తిప్పుడు చూడండి.

నందిగామలో రక్తం తీసుకునే సెంటరువాళ్ళు అలాంటి పరీక్ష పేరే వినలేదన్నారు. నగరంలో ఒక ల్యాబుకి నేను ఫోన్ చేస్తే, మంచులో పెట్టి పంపమన్నారు. పంపాం. ఎండలో ఎక్కడ ఆగిపోయిందో, నమూనా పనికిరాదని తిరుగు కబురు. ఇలా కాదని ఆ అమ్మాయినే నగరంలో ఒక పెద్దాసుపత్రికి పంపాను. ఏ ఆసుపత్రో చెప్పను, ప్రభుత్వానిదో ప్రైవేటుదో కూడా చెప్పను. అక్కడ రక్తం ఆగని జబ్బులకి ప్రత్యేకంగా ఒక గది ఉంది. అత్తాకోడళ్ళు పొద్దున్నే జగ్గయ్యపేటలో బస్సెక్కి వెళ్ళారు.

గదిలో బల్ల దగ్గర కూర్చున్నాయన అత్తగారిని అడిగాడట. "పేషెంటు ఎవరమ్మా? అబ్బాయేడి?"

"నేనేనండి" అందట ఈ అమ్మాయి.

"ఆడవాళ్ళకి ఈ జబ్బు రాదు. లేడీస్ వార్డుకి వెళ్ళండి."

లేడీస్ వార్డులో చూసినవాళ్ళు, పిల్లలున్నారుగా, గర్భసంచి తీయించేసుకో అన్నారు. మళ్ళీ ఆ గదికొస్తే తలుపు వేసేశారు. ఇంకోసారి నేను ఉత్తరం రాసిచ్చి పంపాను. బయటి డాక్టరు చీటీ ఇక్కడ చెల్లదన్నారు. మూడోసారి పరీక్ష చేసేవాళ్ళు సెలవు. ఒక్కో తిరుగుడుకీ కొట్లో ఒక సెలవు. మూడో సెలవుకి ఇంక రావద్దన్నాడు యజమాని.

ఆ బల్ల దగ్గరాయన చదువుకోనివాడు కాదు. పాఠ్యపుస్తకంలో ఒక పేజీ చదివి రెండో పేజీ తిప్పనివాడు. మగపిల్లాడికి ముక్కులోంచి రక్తం కారితే దాన్ని రక్తం అంటారు. ఆడపిల్లకి నెలలో సగం రోజులు కారినా దాన్ని రక్తం అనరు, ఆడవాళ్ళ సమస్య అంటారు. ఒకే ద్రవం, ఒకే రంగు. వచ్చే దారిని బట్టి పేరు మార్చేసి, గది మార్చేసి, చివరికి మందు కూడా లేకుండా చేశారు. నేను ఆ ఆసుపత్రికి ఫోన్ చేసి ఈ మాట అంటే అటువైపు ఒకాయన, మీరు ఆవేశపడుతున్నారు మేడమ్ అన్నాడు. అవును, పడుతున్నానని చెప్పి పెట్టేశాను.

ఆ తర్వాత వానాకాలంలో ఒక మధ్యాహ్నం, అన్నం ముందు కూర్చున్నాను. జగ్గయ్యపేట డాక్టరు ఫోన్ చేసింది. అన్నాళ్ళ తర్వాత అదే మొదటి ఫోను.

"మేడమ్, మీ పేషెంటు వచ్చింది."

"నా పేషెంటా?"

"మేడమ్, ప్లీజ్. బీపీ పడిపోతోంది."

జరిగిందేమిటంటే, ముందురోజు నడుము లాగేస్తోందని వాళ్ళ వీధి చివర వైద్యం చేసే ఆర్ఎంపీ దగ్గరికి వెళ్ళింది. అతను పిర్రకి నొప్పి ఇంజెక్షన్ ఇచ్చాడు. రక్తం ఆగని మనిషికి కండలోకి సూది గుచ్చకూడదు. అందులోనూ ఆ నొప్పి మందు రక్తాన్ని ఇంకా ఆగనివ్వదు. తెల్లారేసరికి తుంటి కుండలా వాచింది. దాంతోపాటే నెలసరి కూడా వచ్చింది. లోపల వైపు ఒక ధార, బయటికి ఒక ధార.

"ఆలస్యం చెయ్యకు, నగరానికి అంబులెన్సు బయల్దేరదీయి. నందిగామ దగ్గర హైవే మీద ఎక్కుతా" అన్నాను.

అంబులెన్సు ఆగి తలుపు తెరుచుకున్నప్పుడు నేను చూసింది ఇది. ఆ అమ్మాయి స్ట్రెచర్ మీద, ఒక చేతికి సెలైను. తల దగ్గర అత్తగారు. ఆ అమ్మాయి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, మోచేతులదాకా రక్తంతో, గుడ్డలు అదిమి పట్టుకుని జగ్గయ్యపేట డాక్టరు. బయట ఓపీలో జనాన్ని అలాగే వదిలేసి వచ్చేసింది. నన్ను చూసి కాస్త జరిగి చోటిచ్చింది.

పెద్దాసుపత్రిలో ఎమర్జెన్సీవాళ్ళు తప్పుపట్టడానికి లేకుండా పనిచేశారు. వెంటనే రక్తం పెట్టారు. కానీ రక్తం ఎక్కించడం చిల్లున్న కుండలో నీళ్ళు పోయడమే, చిల్లు మూసే మందు పైన రెండో అంతస్తులో ఫ్రిజ్‌లో ఉంది. డాక్టర్ని పేషెంటు దగ్గర ఉంచి, నేనూ అత్తగారూ పైకి పరిగెత్తాం. నా మోకాళ్ళు ఆ రోజే చెడిపోయాయని ఇప్పటికీ అంటూ ఉంటాను.

అదే గది, అదే బల్ల, అదే మనిషి.

"కార్డుందా?" అన్నాడు.

"లేదు. కార్డు కోసం మూడుసార్లు వస్తే మీరే వెనక్కి పంపారు."

"కార్డు లేకుండా ఫ్యాక్టరు ఇవ్వకూడదండి. రేపు ఆడిట్‌లో నేను సమాధానం చెప్పుకోవాలి."

"ఆ సమాధానం నేను రాసిస్తా. కింద మనిషి పోతోంది."

"మీరెవరండి?"

చెప్పాను. చదువు చెప్పాను, అనుభవం చెప్పాను, జబ్బు చెప్పాను, లక్షణాలన్నీ వరసగా చెప్పాను. ఆయన వింటూనే ఉన్నాడు. విని, "సార్ రావాలండి. సార్ మీటింగులో ఉన్నారు" అన్నాడు. మీటింగు గదికి ఫోన్ చేయమంటే చేయలేదు. నేను వెళ్తానంటే లోపలికి పోనివ్వరన్నాడు. కింద ఉన్న జగ్గయ్యపేట డాక్టరు తనకి చదువు చెప్పిన పాత ప్రొఫెసర్లకి ఫోన్లు చేస్తూనే ఉంది, ఒక్కరూ ఎత్తలేదు. నేను ఆ బల్ల ముందే నిలబడిపోయాను. జీవితమంతా ఆపరేషన్ గదుల్లో నా మాటకి తిరుగులేదనుకున్నదాన్ని.

అప్పుడు అత్తగారు ఆ గది గుమ్మానికి అడ్డంగా నేల మీద కూర్చుంది. అరవలేదు, ఏడవలేదు. రెండు కాళ్ళూ చాపి గడప మొత్తం ఆక్రమించింది.

"లేవమ్మా, దారిలో కూర్చోకూడదు" అన్నాడు బల్ల దగ్గరాయన.

"నా కోడలికి మందిచ్చేదాకా లేవను. పనుంటే నన్ను తొక్కుకుంటా పోండి."

సెక్యూరిటీ మనిషిని పిలిచారు. అతను వచ్చి చూసి, పెద్దావిడ మీద చెయ్యెలా వెయ్యాలో తెలియక గోడకానుకుని నిలబడ్డాడు. లోపల బెంచీల మీద హీమోఫీలియా పిల్లల్ని పెట్టుకుని తల్లులు కూర్చుని ఉన్నారు. వాళ్ళలో ఒకామె లేచింది. నేత చీర, చేతిలో చిన్న మంచుపెట్టె. "అయ్యా, మా వాడికి ఇయ్యాల ఇచ్చే డోసు వాళ్ళకిచ్చెయ్యండి. మేము రేపు వస్తాం" అంది.

"అలా మార్చి ఇవ్వడం కుదరదమ్మా" అన్నాడాయన. ఈసారి మాత్రం ఆమె మొహం వైపు చూడలేకపోయాడు.

మేమలా ఉండగా లిఫ్టులోంచి ఆ సార్ దిగాడు. మీటింగు అయిపోయింది. తన గదిలోకి తను వెళ్ళాలంటే దారి లేదు. ఏమిటిదని అడిగాడు. నేను అప్పటిదాకా బల్ల దగ్గర చెప్పిందే, అవే మాటల్లో, ఆయనకి చెప్పాను. పూర్తిగా వినకుండానే అర్థమైంది ఆయనకి. తాళం తీయమని, మందు కిందికి పంపమని చెప్పాడు. చెప్పి నా వైపు తిరిగి, చాలా మర్యాదగా ఒక మాటన్నాడు.

"ముందే చెప్పాల్సింది మేడమ్."

నా జీవితంలో నేను విన్న మాటల్లో అంత కోపం తెప్పించింది ఇంకోటి లేదు. మూడుసార్లు బస్సెక్కి వచ్చి చెప్పింది ఆ అమ్మాయి. ఉత్తరంలో నేను చెప్పాను. ఫోన్లో చెప్పాను. ఆ మధ్యాహ్నమంతా చెబుతూనే ఉన్నాం. వినే చోట ఎవరూ లేకుండా ఏర్పాటు చేసుకుని, ముందే చెప్పలేదని మనల్నంటారు. ఆ రోజు మాత్రం ఏమీ అనలేదు. మందు కదిలింది, అది చాలనుకున్నాను. అత్తగారు లేవడానికి చెయ్యిచ్చాను. ఆవిడ కాళ్ళు తిమ్మిరెక్కి నా మీద వాలింది. ఇద్దరం పడబోయి ఆ నేత చీర తల్లి పట్టుకుంటే నిలబడ్డాం.

మందు నరంలోకి వెళ్ళిన కాసేపటికే గుడ్డలు తడవడం తగ్గింది. సాయంత్రానికి ఆగింది. ప్రాణం దక్కింది, గర్భసంచీ దక్కింది. కాలు పూర్తిగా దక్కలేదు. తుంటిలో గడ్డకట్టిన రక్తం అన్ని గంటలపాటు నరాన్ని నొక్కేసింది. పాదం పైకి లేవదు, ఈడ్చి వేస్తుంది. మందు పొద్దునే అంది ఉంటే ఆ కాలు నిలిచేది. ఈ మాట ఆ రోజూ అన్నాను, ఇప్పుడూ అంటాను. ఇది జబ్బు చేసిన అవిటితనం కాదు, మనం చేసింది.

పరీక్ష చివరికి అక్కడే చేశారు. నేననుకున్న జబ్బే. కార్డు ఇచ్చారు. జగ్గయ్యపేట డాక్టరు నాకు సారీ చెప్పలేదు, నేనూ ఎదురుచూడలేదు. ఆ తర్వాత ఆమె తన ల్యాబు కుర్రాణ్ణి పనిలోంచి తీసెయ్యకుండా, సూది ఇచ్చి తన చెవికే ఆ పరీక్ష చేయించుకుందని నర్సులు చెప్పారు. సరిగా చేసి చూపించేదాకా వదల్లేదట. గర్భసంచి తీయమని వచ్చిన ప్రతి ఒక్కరినీ ముక్కు సంగతీ పన్ను సంగతీ తనే అడగడం మొదలుపెట్టింది. నాకు మళ్ళీ ఫోన్లు వచ్చాయి. మానేసేదాకా ఆమె దగ్గర పనిచేశాను.

కార్డు వచ్చిన కొన్ని నెలలకి ఆ అమ్మాయి నందిగామలో మా ఇంటికొచ్చింది. నెలనెలా చూపించుకోవడానికి నగరం వెళ్ళి తిరిగొస్తూ బస్సు దిగింది. పాదానికి పట్టీ చెప్పు, ఒంటిమీద లేత పసుపురంగు చుడీదార్. టీ ఇచ్చాను. గ్లాసు పట్టుకుని, తాగకుండానే మొదలుపెట్టింది.

"మీ ఇంట్లో ఎవరికైనా ఉందా అని పోయిన నెల అక్కడి సారు అడిగారండి. నాకు తెలియదుగా. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది, పిన్ని పెంచింది నన్ను. అందుకని నిన్న పాపని తీసుకుని చెవిటికల్లు వెళ్ళి పిన్నిని అడిగానండి. అమ్మకి జ్వరమొచ్చి పోయిందనే చెప్పేవాళ్ళు నాకు. గట్టిగా అడిగితే ఇప్పుడు చెప్పింది. తమ్ముడు పుట్టి నెల దాటినా అమ్మకి రక్తం ఆగలేదంట. ఆస్పత్రికి తీసుకెళ్తే రక్తం ఎక్కించి పంపించేశారంట. ఇంటికొచ్చాక పోయిందంట. ఆడవాళ్ళ విషయం పిల్లలకేం చెప్తాం అని జ్వరం అని చెప్పారంట."

గ్లాసు వైపే చూస్తూ అడిగింది.

"మేడమ్, అప్పుడు కూడా ఈ మందు ఉందా అండి?"

అప్పటి రోజులు వేరమ్మా అనొచ్చు. ఆ మాట నాలిక దాకా వచ్చింది కూడా. కానీ ఆ అమ్మాయికి అబద్ధం చెప్పినవాళ్ళు అప్పటికే చాలామంది.

"ఉందమ్మా. ఇప్పుడున్నంత మంచిది కాదు. కానీ మీ అమ్మని బతికించడానికి సరిపోయేది ఉంది. ఈ మాత్రలు కూడా ఉన్నాయి."

గ్లాసు కింద పెట్టింది. ఉద్యోగం పోయినప్పుడు, కాలు పోయినప్పుడు, ఆ గదిలోంచి వెనక్కి పంపినప్పుడు కూడా ఆ అమ్మాయి ఎవర్నీ ఒక్క మాట అనగా నేను వినలేదు. ఇప్పుడు ఆమె దవడలు బిగిశాయి.

"జ్వరం అని ఎందుకు చెప్పారండి నాకు? ముందే తెలిస్తే నేను పోయిన ప్రతిచోటా చెప్పేదాన్నిగా. మా అమ్మ ఇట్టాగే పోయింది, నన్ను సరిగా చూడండి అని అడిగేదాన్నిగా."

"అడిగేదానివి" అన్నాను.

కాసేపటికి లేచింది, జగ్గయ్యపేట బస్సుకి టైమవుతోంది. గుమ్మం దాకా వెళ్ళాను. చెప్పులు వేసుకుంటూ, పట్టీ బిగించుకుంటూ, నా వైపు చూడకుండా అంది.

"మా పాపకి నిన్ననే చెప్పేసానండి. మీ అమ్మమ్మ రక్తం పోయి చచ్చిపోయింది, ఆపే మందున్నా ఎవరూ ఇవ్వలేదేమో కనుక్కుంటా అని చెప్పా. చిన్నపిల్లకి అట్టా చెప్తారా ఎవరైనా అని పిన్ని తిట్టింది. ఇప్పుడు ఇంటికెళ్ళి మందు ఉందంట అని కూడా చెప్తా."

చెప్పమనే అన్నాను.